ట్రాలీకెక్కిన హోలీ

నాకో జబ్బుంది. ఎదుటివాళ్ళ బండిలో ఏముందో తెలీకపోతే నాకు అన్నం సయించదు. మా ఆయన గూడ్సు బండి నడుపుతారు. వెనకాల అన్నేసి వ్యాగన్లు తగిలించుకొని పోతారా, వాటిలో బొగ్గుందో బియ్యముందో ఒక్కనాడూ పట్టించుకోరు. "తెలుసుకొని ఏం చేస్తావే?" అంటారు. ఏం చేస్తానేటి, తెలుసుకుంటాను! మా గలీలోకి కూరగాయల తోపుడుబండి వచ్చినా, తడి గోనె కింద ఏం దాచాడో ఎత్తి చూసిగానీ వదల్ను. మా అత్త దాలమ్మ నన్ను చూసి, "ఒలే శ్రీలక్ష్మీ, నీ ముక్కు ఏదో ఒకనాడు తలుపు సందులో ఇరుక్కుంటాదే" అంటుంది. ఇరుక్కుంటే ఇరుక్కోనీ.

అలాంటిదాన్ని, సరిగ్గా మా ఎదురింటి ముందు ఒక బుల్లి ట్రాక్టరు వచ్చి ఆగితే ఊరుకుంటానా?

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా వచ్చి ఏడెనిమిదేళ్ళు అయిన రోజులవి. రాయపూర్‌లో ఎక్కడ చూసినా రోడ్లు వెడల్పు చేయడం, చెట్లు కొట్టడం, కొత్త బంగళాలు లేపడం. మా పేట గుఢియారీలో మాత్రం సందులు సందుల్లాగే ఉన్నాయి. పట్టాల పక్క బతుకు, బజారు గోల, ఇంటికి ఇల్లు ఆనుకొని ఉంటాది. అందులో ముందు కాస్త ఖాళీ జాగా ఉన్న ఇల్లు ఒక్కటే, అది కోటయ్యగారిది. ఆయన మా శ్రీకాకుళం వైపు మనిషే. రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు గానీ, ఇంకా చేతిలో పచ్చజెండా ఎర్రజెండా ఉన్నాయనే అనుకుంటాడు. ఆయన ఊపితేనే ఎవరైనా కదలాలి. ఆ ఇంటి వెనక భాగంలో ఆయనా భార్య కోటమ్మా ఉంటారు, ముందు భాగం అద్దెకిస్తారు.

ఆ ముందు భాగంలోకే వచ్చారు వీళ్ళు. ఎలీషా, గ్రేస్. నరసాపురం దగ్గర కాలవగట్టు ఊరు. గ్రేస్‌కి ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం దొరికితే, ఆమె వెనకాల ఆయన వచ్చాడు. వయసు ముప్ఫై దాటి ఉంటాది. సన్నగా, నల్లగా, ఎండకి కళ్ళు చికిలించే మనిషి. ట్రాక్టరు చూస్తే మా నడుం ఎత్తుకి లేదు, వెనకాల దానికి తగ్గ ట్రాలీ, చుట్టూ చెక్క పక్కలు.

గిన్నె చేతిలో పట్టుకొనే వెళ్ళిపోయాను నేను.

"ఏటి బాబూ ఇది? ట్రాక్టరా, బొమ్మా?"

"ట్రాక్టరేనండి అక్కగారూ. తోటల్లో దున్నే రకవండి. చిన్నది కదండీ, సందుల్లోకి దూరుద్ది."

"దున్నడానికి ఇక్కడ పొలమెక్కడుంది?"

"ఆయ్, దున్నడానిక్కాదండి. చెత్తకండి."

చెత్తకి ట్రాక్టరా! నాకింక నిద్ర పడితే ఒట్టు.

సంగతేమిటంటే, తెలీబంధా వైపు ఒక మొక్కల నర్సరీవాడు మూల పడేసిన బండిని ఎలీషా కొనుక్కొని, తనే విప్పి, తనే బిగించి బాగుచేసుకున్నాడు. పెద్ద ఇళ్ళవాళ్ళు తోటల్లో కొమ్మలు కొట్టిస్తారు, ఆకులు ఊడ్పిస్తారు, గాలివానకి చెట్లు పడిపోతాయి. కొట్టేవాడు కొట్టి డబ్బులు తీసుకొని పోతాడు. కుప్ప అక్కడే ఉంటాది. మున్సిపాలిటీ బండి ఇంట్లో చెత్త తీసుకుంటాదిగాని తోట చెత్త ముట్టుకోదు. ఆ కుప్పలు ఎత్తడమే ఎలీషా పని. పెద్ద ట్రాక్టర్లు దూరని గేట్లలో ఈ బుల్లిది దూరిపోతుంది.

బాగుంది, ఎత్తుతాడు సరే. ఎత్తి ఎక్కడికి పట్టుకుపోతాడు? పొద్దున్న ఖాళీగా వెళ్ళే ట్రాలీ సాయంత్రం ఖాళీగానే వస్తుందేమి? మధ్యలో ఏమవుతుంది? నేను గ్రేస్‌ని అడిగాను. "నాకేం తెలుసక్కా, నా డ్యూటీ నాకే చాలట్లేదు" అంది. మా ఆయన్ని అడిగితే దుప్పటి కప్పుకున్నారు. ఇలా కాదని ఒకరోజు పొద్దున్నే చెప్పులేసుకొని వెళ్ళి ట్రాలీలో ఎక్కి కూర్చున్నాను.

ఎలీషా కంగారు పడిపోయాడు. "అక్కగారూ, అందులో చీమలుంటాయండి!"

"ఉండనీ. నడుపు."

ఆ ఒక్కరోజుతో ఈయనేం మనిషో నాకు తెలిసిపోయింది. తెలీబంధాలో ఒక బంగళా. గేటు లోపల మామిడి కొమ్మలు, ఆకులు, ఎండిన పూలకుండీలు కలిపి పోగు. ఎత్తేసుకుపోవడమే కదా? ఊహూఁ. బెల్లు కొట్టి, వచ్చిన పనమ్మాయిని అడిగాడు, "యే ఫేక్‌నా హై?" ఇది పారేసేదేనా అని. అవునంది. ఆమెని పంపి ఇంటావిణ్ణి పిలిపించి మళ్ళీ అడిగాడు. ఆవిడా అవునంది. చేతులు పెట్టబోయి ఆగి, "మొత్తం పారేసేదేనా?" అని మూడోసారి. ఆవిడ విసుక్కొని తలుపేసుకుంది. నేనే విసుక్కున్నాను, ఆవిడదేముంది.

"ఇన్నిసార్లు అడుగుతావేం బాబూ?"

"మనకి చెత్తలాగ కనపడ్డదల్లా వాళ్ళకి చెత్త కాదు కదండీ. ఓసారి ఎండిపోయిన గులాబీ చెట్టు ఎత్తేశానండి. అది వాళ్ళమ్మాయిది. ఆ పిల్ల ఇంక లేదు."

నేనూ ఒక కొమ్మ పట్టి ఎత్తాను.

ఎత్తాక కూడా ఒక పద్ధతుంది. ఆకులన్నీ అడుగున, పచ్చి రెమ్మలు ఒక పక్క, లావు కట్టె ఇంకో పక్క, ముళ్ళ కొమ్మలు పైన. దారిలో నర్సరీ దగ్గర ఆగి ఆకులు దింపాడు, ఎరువు గుంటలోకి. పచ్చి రెమ్మల కోసం మేకలవాళ్ళు దారి కాసి ఉన్నారు, వాళ్ళ కంటే ముందు మేకలే ట్రాలీ మీదికి ఉరికాయి. నా చీర కొంగు కూడా నమిలాయి. ఆరంగ్ రోడ్డు మీద కూరగాయల మళ్ళవాళ్ళు కంచెకని ముళ్ళు దింపుకున్నారు. మిగిలిన లావు కట్టె ఇంకా ముందుకెళ్ళి ఇటుక బట్టీలో పడింది. అక్కడికి ట్రాలీ అడుగు కనిపించింది. చెత్త అని ఎత్తినదాంట్లో చెత్త అంటూ ఏమీ మిగల్లేదు! కుప్పల్లో దొరికిన తాళాలు, చెంచాలు మాత్రం ఒక డబ్బాలో వేసి, మర్నాడు ఎవరి గేటు దగ్గర వాళ్ళకి ఇచ్చి వస్తాడు. ఒకసారి కట్టుడు పళ్ళు దొరికాయట. ఆ పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట.

ఇంటికొచ్చి మా ఆయనకి ఇదంతా చెప్తే, "మేకలు నీ కొంగు తిన్నాయా? మంచి పని చేశాయి" అన్నారు. ఆయనకి చెప్పడం నాదే బుద్ధితక్కువ.

ఇంత నెమ్మదైన మనిషికి ఇల్లు దొరకడం మాత్రం బ్రహ్మప్రళయమయ్యింది. మా గలీకి రాకముందు మూడు ఇళ్ళు మారారు. ఒకచోట ట్రాక్టరు మోత అన్నారు. ఒకచోట గోడకి యేసు పటం చూసి మర్యాదగా వేరే ఇల్లు చూసుకోమన్నారు. మూడోచోట సిమెంటు గచ్చు మీద నూనె మరకలు పడ్డాయన్నారు. పట్నంలో మనిషికి గది దొరుకుతుందిగాని, ట్రాక్టరుకి చోటు కావాలంటే ఎవరిస్తారు? కోటయ్యగారు ఇచ్చాడు, కానీ ఊరికే ఇవ్వలేదు. గలీ అంతా వినేట్టు గట్టిగా చెప్పాడు, "మొహల్లాలోంచి ఒక్క శికాయత్, ఒక్క ఫిర్యాదు వచ్చిందా, సామాన్ రోడ్డు మీదే. రెండోది వచ్చేదాకా ఆగను." ఎలీషా "ఆయ్ అండి, ఆయ్ అండి" అని తలూపాడు. గ్రేస్ నాతో విడిగా అంది, "ఇదీ పోతే బండి అమ్మేసి ఊరెళ్ళిపోవడమే అక్కా. అక్కడ మాకు ఇల్లూ లేదు, పనీ లేదు." ఆ భయంతో వాళ్ళు ఎంత అణిగి ఉండేవారంటే, ఇంట్లో గిన్నె కిందపడితే కూడా బయటికొచ్చి "సారీ" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. పల్లెత్తు మాట అనని వాళ్ళకి ఎందుకింత భయం?

వాళ్ళు వచ్చింది వేసవి పోయాక. అంటే మా గలీలో వాళ్ళకి అదే మొదటి హోలీ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. మన ఊళ్ళల్లో భోగిమంట ఉందనుకోండి, తెల్లవారుజామున పేరుస్తాం, అప్పుడే ముట్టిస్తాం, అయిపోయింది. ఇక్కడ హోలీ మంట అలా కాదు. వసంతపంచమి నాడు సందులు కలిసే చౌక్ మధ్యలో ఎర్రదారం చుట్టి ఒక ఆముదం కొమ్మ పాతుతారు. అదే ప్రహ్లాదుడు, చుట్టూ పేర్చే కుప్ప ఆయన్ని ఒళ్ళో పెట్టుకొని మంటలో కూర్చున్న మేనత్త హోలిక; ఆమె కాలిపోయింది, ఆయన కాల్లేదు. ఇంక ఆరోజు నుంచి పున్నమి దాకా, నెలకి పైగా, వచ్చేవాడు పోయేవాడు దాని చుట్టూ కట్టె వేస్తూనే ఉంటాడు. విరిగిన కుర్చీ, ఎండు కొమ్మ, మంచం కోడు, ఏదైనా సరే. అందులో ఒకసారి పడిందా, అది హోలికది. మళ్ళీ ప్రహ్లాదుణ్ణి తప్ప పుల్ల కూడా వెనక్కి తీయకూడదు. తీసి పొయ్యిలో పెట్టినవాడి కొంప కొల్లేరే అంటారు. కానీ పక్క గలీ కుర్రాళ్ళు వచ్చి దొంగిలించుకుపోవచ్చు! అది ఆట. అందుకని రాత్రంతా మనవాళ్ళు కాపలా కాస్తారు.

మా గలీ హోలీకి పెద్ద వీరేంద్ర. ఛత్తీస్‌గఢ్ మనిషే, బజారులో గొళ్ళేలు, మేకులు అమ్ముకునే కొట్టు ఉంది. మంచివాడే, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటాది. ఆ ఏడు కుప్ప ఇంత ఎత్తు లేచిందని, పట్టాల పక్క గలీవాళ్ళ కళ్ళన్నీ దాని మీదే ఉన్నాయని మీసం తిప్పుకు తిరిగేవాడు. దానికి తోడు పండగ ముందురోజు కరెంటువాళ్ళు వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తీగలకి తగిలే వేపకొమ్మలన్నీ కొట్టి పడేసి వెళ్ళారు. మా కుర్రాళ్ళు పండగ చేసుకున్నారు. ఆ కొమ్మలన్నీ ఈడ్చి మన కుప్ప మీదే వేశారు. చౌక్ అక్కడే, ట్రాన్స్‌ఫార్మర్ అక్కడే, అన్నీ పక్కపక్కనే.

పండగనాడు సాయంత్రం ఎండ తగ్గాక పూజ పళ్ళెం, పిడకల దండ పట్టుకొని చౌక్‌కి వెళ్ళాను. వెళ్ళి చూస్తే ఏముంది, నేల ఉంది!

కుప్ప లేదు. పుల్ల లేదు. శుభ్రంగా ఊడ్చి ఉంది. మధ్యలో కొమ్మ పాతిన గుంట ఒక్కటి నోరు తెరుచుకొని ఉంది.

రాత్రంతా కాపలా కాసిన కుర్రాళ్ళు పగలు పడి నిద్రపోయారు. పట్టపగలు హోలీని ఎవడెత్తుకుపోతాడు? అదే వాళ్ళ ధీమా. ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకొని నిలబడిపోయారు. వీరేంద్ర ముఖం కందగడ్డ అయిపోయింది. అంతలో పట్టాల పక్క గలీ కుర్రాడు పృథ్వీ, సైకిళ్ళ కొట్టులో పనిచేస్తాడు, ఏదో పని మీద అటుగా వచ్చాడు. మనవాళ్ళ వెర్రి ముఖాలు చూసి పాపం నవ్వాపుకోలేకపోయాడు. అంతే, వీరేంద్ర వాడి కాలర్ పట్టేశాడు. సైకిలు ఒక పక్క, చెప్పులు ఒక పక్క. మా కుర్రాళ్ళు కర్రలందుకున్నారు. "పట్టపగలు ఎత్తుకుపోవడం ఆట కాదు, అవమానం" అని ఒకడు, "కాళ్ళు విరిచి పంపిద్దాం" అని ఒకడు. అవతలి గలీలోంచి కూడా అరుపులు మొదలయ్యాయి.

నాకేమో బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఎవడెత్తుకుపోయాడన్నది కాదు, ఎవడు ఊడ్చాడని. దొంగతనానికొచ్చినవాడు ఊడ్చి పోతాడా?

గబగబా ఇంటి వైపు నడిచాను. కోటయ్యగారి వాకిట్లో కుళాయి ఉంది. దాని పక్కన, నిన్నటిదాకా లేని ఆముదం కొమ్మ. చుట్టూ మట్టి తీర్చిదిద్ది, నీళ్ళు పోసి ఉంది. కాడకి ఎర్రదారం పోగు ఇంకా వేలాడుతోంది. 

లోపలికెళ్తే గ్రేస్ డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు చాపుకొని కూర్చుంది. పాదాలు పొంగి బూరెల్లా ఉన్నాయి. ఎలీషా ఆముదం ఆకు వెచ్చజేసి ఆ పాదాలకి కడుతున్నాడు.

"ఆ ఆకు ఎక్కడిది?" అన్నాను.

"చౌక్‌లోదండి. కొమ్మలెత్తుతుంటే అడుగున పాపం వేరు పట్టిన చిన్న ఆముదం మొక్క నలిగిపోతా ఉంది. గ్రేస్ కాళ్ళకి పనికొస్తదని తెచ్చి పాతానండి."

"కొమ్మలెత్తావా? ఎవరు ఎత్తమన్నారు?"

"కరెంటు కాంట్రాక్టరు గారండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కుప్ప మొత్తం ఎత్తెయ్యమన్నారు. మొత్తమేనా అని మూడుసార్లు అడిగానండి ఫోన్లో. చౌక్‌లో అడుగుదామంటే పొద్దున్నే ఎవరూ లేరండి."

ఓరి నాయనోయ్! ఎవర్ని అడగాలో వాళ్ళని తప్ప అందర్నీ అడిగాడు. నేను అక్కడే గడప మీద చతికిలబడి చెప్పాను, ఆ కుప్ప ఏమిటో, ఆ మొక్క ఎవరో. చెప్తున్నకొద్దీ ఆయన చేతిలో ఆకు నలిగిపోయింది.

"నెలరోజులుగా పెరుగుతా ఉంటే ఎవరూ ఎత్తని చెత్తనుకున్నానండి. అది చెత్త కాదాండీ?"

"కాదు బాబూ. ఎక్కడుంది ఇప్పుడు? వెనక్కి తేగలవా?"

"బట్టీలో పడేశానండి. మధ్యాహ్నమే ముట్టించేశారు."

గ్రేస్ ఒక్కసారి లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, నువ్వు చూశావు, ఇంకెవరూ చూళ్ళేదు. నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పకక్కా. కావాలని చేశామంటారు. మేము వేరే మతం వాళ్ళమని అంటారు. కోటయ్యగారు ఈ పూటే సామాను బయట పెట్టిస్తారు. మళ్ళీ ఎక్కడికి పోతాం?" ఆమెని తప్పుపట్టలేను. నిజం చెప్తున్నాను, నేనూ చెప్పకూడదనే అనుకున్నాను. మొక్క పీకేసి మా పెరట్లో దాచేద్దామని కూడా అనుకున్నాను.

అప్పుడే చౌక్ వైపు నుంచి పెద్ద కేక వినపడింది. "ఏమిటండి అది?" అన్నాడు ఎలీషా. పట్టాల పక్క గలీ కుర్రాణ్ణి పట్టుకున్నారని, వాడే తీశాడనుకుంటున్నారని చెప్పాను.  ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు. గ్రేస్ "ఏవండీ, ఏవండీ" అంటూనే ఉంది.

నేను వెనకాలే పరుగెత్తాను. నేను చేరేసరికి ఆయన గుంపులోకి దూరిపోయి, వీరేంద్ర చేతి మీద చెయ్యి వేసి, వచ్చీరాని హిందీలో చెప్పేస్తున్నాడు. "భయ్యా, ఇస్‌కో ఛోడో. మై లేగయా. పూరా." వాణ్ణి వదలండి, మొత్తం నేనే పట్టుకెళ్ళానని.

 వీరేంద్ర పృథ్వీని వదిలి ఎలీషా చొక్కా పట్టుకున్నాడు. "హోలికా మాతని ఎత్తుకుపోయావా! ఎక్కడ పెట్టావు?"

"బట్టీలో వేశాను. కాలిపోయింది."

వెనక నుంచి ఎవడో అన్నాడు, గ్రేస్ భయపడిన ఆ మాటే, కావాలనే చేశాడని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ ముఖం! చెత్తనుకొని ఎత్తాడు. మీరంతా పట్టపగలు గుర్రు పెట్టి నిద్రపోతుంటే ఆయనకి చెప్పేదెవరు?" అని అరిచాను. వీరేంద్ర నా వైపు చూడలేదు. ఎలీషానే చూస్తున్నాడు.

"ఎవరూ చూడలేదు నిన్ను. మాకు అనుమానం కూడా లేదు. ఎందుకొచ్చి చెప్పావు మరి?"

ఎలీషాకి హిందీ చాల్లేదు. రెండు ముక్కలు మొదలెట్టి ఆగిపోయి, నా వైపు తిరిగి తెలుగులో చెప్పాడు. "పోయినేడు వేసవిలో, మేం వేరే పేటలో ఉండగా, ఇలాగే రెండు గలీల కుర్రాళ్ళు కొట్టుకుంటే ఒకడు చచ్చిపోయాడండి. వాణ్ణి కాల్చడానికి మర్‌ఘట్‌కి కట్టెలు నా ట్రాలీలోనే వెళ్ళాయి. ఆ అబ్బాయి నాన్నగారు ఆ కట్టెలు నన్ను ముట్టుకోనివ్వలేదు, ఒక్కొక్క కట్టే ఆయనే దింపుకున్నారు. ఆ లోడు మళ్ళీ నేను ఎత్తలేనండి అక్కగారూ. అది చెప్పండి వీళ్ళకి."

నేను హిందీలోకి మార్చి ఒక్కొక్క ముక్కా చెప్పాను.   పృథ్వీ మెడ రుద్దుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు. వీరేంద్ర చేతిలోంచి చొక్కా మెల్లగా జారిపోయింది.

ఆ సమయంలో మా అత్త వచ్చింది, కర్ర టకటకలాడించుకుంటూ. నలభై ఏళ్ళయ్యింది ఆవిడ ఈ ఊరొచ్చి, ఛత్తీస్‌గఢీ గడగడా మాట్లాడతాది. సంగతి విని ఫక్కున నవ్వింది. అందర్నీ వాళ్ళ భాషలోనే దులిపి వదిలింది. తర్వాత నాకు మళ్ళీ చెప్పింది, ఏమందో. "ఓలమ్మా, హోలీ మంటలో ప్రహ్లాదుడు కాల్తాడేట్రా? కాలడు గదా! ఈ బాబు కాలకముందే ఆడ్ని తీసి, కుళాయి దగ్గర పెట్టి నీళ్ళు పోస్తన్నాడు. మీరు నెలంతా కట్టెల కుప్పకి కాపలా కాసినారు, ఒక్కడైనా ఆడికి చెంబుడు నీళ్ళు పోసినారేట్రా?"

ముందు ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత కుర్రాళ్ళు. వీరేంద్ర నవ్వలేదు. "ప్రహ్లాదుడు సరే అమ్మా. పొద్దు వాలుతోంది. కట్టెలేవి?"

ఎలీషా వెళ్ళి బుల్లి ట్రాక్టరు నడుపుకుంటూ వచ్చాడు. ఆ గుంట పక్కన ఆపి, పానా తీసి, ట్రాలీ పక్క చెక్కలకున్న బోల్టులు ఒకటొకటే విప్పడం మొదలెట్టాడు. తుప్పు పట్టిన బోల్టులు, కిర్రుమని ఏడుస్తున్నాయి. నేను ఆ ట్రాలీలో తిరిగినదాన్ని కదా, నాకు తెలుసు. పక్కలు లేకపోతే ఆకు నిలవదు, రెమ్మ నిలవదు, ఆయనకి పనే లేదు. ఒద్దు బాబూ అనబోయాను. అత్త నా చెయ్యి గిల్లింది.

మొదటి చెక్క తీసి నేల మీద పెట్టబోతుంటే గ్రేస్ వచ్చింది. కాళ్ళకి ఆకుల కట్లతోనే కుంటుకుంటూ, రెండు చేతుల్లో ఆముదం కొమ్మని మట్టిపెళ్ళతో సహా పట్టుకొని వచ్చింది. ఎవరి ముఖమూ చూడలేదు. తిన్నగా వెళ్ళి గుంటలో పెట్టి, చుట్టూ మట్టి అదిమింది. ఆ తర్వాతే ఎలీషా చెక్కలు దాని చుట్టూ నిలబెట్టాడు.

ఇంక చూడండి. ఎవరు ముందు కదిలారో నాకు గుర్తులేదు గాని, గలీ అంతా ఇళ్ళల్లోకి పరుగెత్తింది. విరిగిన కుర్చీ ఒకరు, క్రికెట్ వికెట్లు ఒకరు, మంచం పట్టె ఒకరు. నేను మా వంటింటి పీట తెచ్చేశాను. పృథ్వీ సైకిలెక్కి పోయాడు, ఇంక రాడనుకున్నాం. కాసేపటికి వాళ్ళ కొట్టు ముందుండే బల్ల ఇంకో కుర్రాడి సాయంతో మోసుకొచ్చాడు. "ఇది దొంగతనం కాదు, మేమే ఇస్తున్నాం" అన్నాడు వీరేంద్రతో. వీరేంద్ర వాడి మెడ మీద చెయ్యి వేసి, "నొప్పెడుతోందా?" అని అడిగాడు.

కుప్ప మునుపటిలో సగం కూడా లేదు. అయినా ముహూర్తానికి ముట్టించాం. మంట అందుకునే ముందు వీరేంద్రే వంగి ఆముదం కొమ్మ పైకి లాగి ఎలీషాకి ఇచ్చాడు. మేమంతా పచ్చి శనగకాయలు కాల్చుకుంటూ చుట్టూ తిరిగాం. ఎలీషా, గ్రేస్ పక్కలు లేని ట్రాలీ దగ్గర నిలబడిపోయారు. నేను వెళ్ళి గ్రేస్ పక్కన నిలుచున్నాను.

అప్పుడొచ్చాడు కోటయ్యగారు. సాయంత్రం నడకకి వెళ్ళి, దారిలో ఎవరో చెప్తే ఆయాసపడుతూ వచ్చాడు. గుంపు మధ్యలోకి వచ్చి నిలబడి, "నేనేం చెప్పాను? ఒక్క శికాయత్ అన్నానా లేదా?" అన్నాడు. "మాటంటే మాటే. వీరేంద్రా, మొహల్లా తరఫున నువ్వు చెప్పు. శికాయత్ ఉందా, లేదా?"

 గ్రేస్ నా మణికట్టు పట్టుకుంది.

వీరేంద్ర ముఖం ఎర్రగా ఉంది, మంటకో కోపానికో తెలీలేదు. "ఉంది" అన్నాడు.

గ్రేస్ గోళ్ళు నా చర్మంలో దిగాయి. ఎలీషా తల వంచుకున్నాడు.

"ఉంది కోటయ్యగారూ, పెద్ద శికాయతే. రేపు రంగులు. ఎల్లుండి ఈయన పనికి పోవాలి. ట్రాలీకి పక్కలు లేవు. ఎలా పోతాడు? ఇంటి ఓనరు మీరు. మీ అటక మీద టేకు తలుపు ఉంది కదా, అది ఇస్తారా ఇవ్వరా, అదే మా శికాయత్. బోల్టులు నా కొట్టువి."

 కోటయ్యగారు మంట వైపు చూశాడు, ట్రాలీ వైపు చూశాడు, మా అత్త కర్ర వైపు చూశాడు. చివరికి ఇంటి వైపు తిరిగి, గార్డు గొంతుతో కేకేశాడు.

"కోటమ్మా! అటక మీద తలుపు దింపించు!"

గ్రేస్ పెద్దగా ఏడ్చేసింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. భలే నొప్పెట్టింది. పెట్టనీ అనుకున్నాను.